నాడి నెమ్మదించినప్పుడు...

ఆపరేషన్ థియేటర్. బల్ల మీద ఆరేళ్ల పాప. మెల్లకన్ను సరిచేసే ఆపరేషన్. మత్తు ఇచ్చారు. మానిటర్ మీద గుండె వేగం నిమిషానికి 110 దగ్గర నిలకడగా నడుస్తోంది. కనుగుడ్డును పట్టి ఉంచే సన్నటి కండరాన్ని కంటి డాక్టరు కొక్కేనికి తగిలించి మెల్లగా లాగారు. అంతే... టిక్‌టిక్‌మంటున్న శబ్దాల మధ్య ఎడం పెరిగిపోయింది. 110 కాస్తా 90, 70, 55!

‘సార్, ఒక్క క్షణం వదలండి’ అన్నారు పాప తల దగ్గర కూర్చున్న మత్తు డాక్టరు. కండరాన్ని వదలగానే నాడి మళ్లీ లేచింది. రెండోసారి లాగితే మళ్లీ అదే తంతు. ఈసారి మత్తు డాక్టరు ముందే నింపి పెట్టుకున్న చిన్న సిరంజిని అందుకుని, పాప బరువుకు తగ్గట్టు లెక్కగట్టిన మందును సెలైన్ గొట్టంలోకి ఎక్కించారు. కాసేపటికే గుండె వేగం పుంజుకుంది. ఆపరేషన్ సాగిపోయింది. బయట బెంచీ మీద కూర్చున్న అమ్మానాన్నలకు ఈ సంగతేమీ తెలియదు.

మెల్లకన్ను ఆపరేషన్లలో ఇలా జరగడం కొత్తేమీ కాదు. కన్నును లాగినా నొక్కినా గుండె నెమ్మదిస్తుందని 1908లోనే వైద్యులు రాసిపెట్టారు. అందుకే థియేటర్లో ఆ సిరంజి సిద్ధంగా ఉంటుంది. అందులోని మందు పేరు అట్రోపిన్. పెద్దాసుపత్రి ఐసీయూ నుంచి మండల కేంద్రంలోని ఆసుపత్రి వరకు అత్యవసర మందుల ట్రేలో తప్పకుండా కనిపించే మందు ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలోనూ, మన దేశపు జాబితాలోనూ ఉంది. మన దగ్గర దొరికే చిన్న ఆంపుల్‌లో సాధారణంగా ఉండేది ఒక మిల్లీలీటరు ద్రవం, అందులో 0.6 మిల్లీగ్రాముల మందు. చవకైనదే. కానీ ఎవరికి వేయాలి, ఎంత వేయాలి, ఎప్పుడు ఆపాలి అన్న దగ్గరే దీని కథంతా ఉంది.

కలలో దొరికిన జవాబు

గుండెకు తనంతట తాను కొట్టుకునే శక్తి ఉంది. దాని వేగాన్ని పెంచడానికి, తగ్గించడానికి మాత్రం రెండు రకాల నరాలు పనిచేస్తుంటాయి. ఒకటి యాక్సిలరేటర్ అనుకుంటే రెండోది బ్రేకు. మెదడు అడుగు నుంచి మెడ మీదుగా ఛాతీలోకి, అక్కడి నుంచి పొట్టలోకి దిగే వేగస్ నాడే ఆ బ్రేకు. పేరులో ‘వేగ’ ఉన్నా ఇది చేసేది వేగం తగ్గించే పని!

ఈ బ్రేకు ఎలా పడుతుందో కనిపెట్టింది ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో పనిచేసిన ఆటో లోవీ. ఓ రాత్రి నిద్రలో ఆయనకు ఒక ప్రయోగం తట్టిందట. లేచి కాగితం మీద గీకి పడుకున్నారు. తెల్లారి చూస్తే ఆ గీతలు ఆయనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మళ్లీ అదే కల. ఈసారి కాగితాన్ని నమ్ముకోకుండా నేరుగా ప్రయోగశాలకే వెళ్లిపోయారు. కొట్టుకుంటున్న ఒక కప్ప గుండెకున్న వేగస్ నాడిని ప్రేరేపించారు. గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో కప్ప గుండెకు తగిలించారు. దాని నాడిని ఎవరూ ముట్టుకోలేదు. అయినా అదీ నెమ్మదించింది! అంటే నరం చివర ఏదో రసాయనం ఊరుతోందన్నమాట. 1921లో ప్రచురించిన ఈ ప్రయోగానికి కొనసాగింపుగా తేలిన ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి లోవీ నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఎసిటైల్‌కోలిన్ గుండె కణం మీద ఒక తాళంలో తాళంచెవిలా దూరి వేగాన్ని తగ్గిస్తుంది. అట్రోపిన్ చేసే పనల్లా ముందే వెళ్లి ఆ తాళం కన్నాన్ని మూసేయడం. బ్రేకు పడదు కాబట్టి గుండె వేగం పుంజుకుంటుంది. అంటే అట్రోపిన్ గుండెను కొరడాతో అదిలించదు, దాని మీదున్న పట్టును సడలిస్తుంది. ఈ తేడా గుర్తుంటే ఈ మందు ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేయదో తేలిగ్గా అర్థమవుతుంది.

ఉమ్మెత్తకు చుట్టమే

అట్రోపిన్ మొదట దొరికింది యూరప్‌లో పెరిగే బెల్లడోనా అనే మొక్కలో. 1831లో మెయిన్ అనే జర్మన్ ఔషధ నిపుణుడు దాన్ని శుద్ధ రూపంలో వేరుచేశాడు. గ్రీకు పురాణాల్లో మనిషి ఆయుష్షు అనే దారాన్ని కత్తిరించే దేవత పేరు అట్రొపోస్. ఆ మొక్క శాస్త్రీయ నామంలోకి, అక్కడి నుంచి మందులోకి ఆ పేరే వచ్చింది. ప్రాణం నిలిపే మందుకు ప్రాణం తీసే దేవత పేరు! మోతాదు తప్పితే ఏమవుతుందో పేరు పెట్టినవాళ్లకు బాగానే తెలుసు.

మనకు బెల్లడోనా తెలియకపోయినా ఉమ్మెత్త తెలుసు. వినాయక చవితి పత్రిలో కనిపించే ఆ ముళ్లకాయల మొక్కలోనూ అట్రోపిన్, దానికి అక్కచెల్లెళ్లలాంటి రసాయనాలు ఉన్నాయి. ఆడుకుంటూ ఉమ్మెత్త గింజలు నోట్లో వేసుకున్న పిల్లలకు నోరెండిపోతుంది, ముఖం కందిపోతుంది, ఒళ్లు కాలిపోతుంది, కనుపాపలు పెద్దవవుతాయి, లేనివి ఉన్నట్టు కనిపించి ఏదేదో మాట్లాడతారు. అట్రోపిన్ ఎక్కువైన రోగిలోనూ సరిగ్గా ఇవే లక్షణాలు. ఉబ్బసానికి ఉమ్మెత్తాకు పొగ పీల్చమని చెప్పే పాతకాలపు చిట్కాలు ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంటాయి. ఆకులో ఎంత మందు ఉందో చెప్పే కొలత ఎవరి దగ్గరా లేదు. అలాంటి వాటి జోలికి పోకపోవడమే మంచిది.

60 కంటే తగ్గితే భయపడాలా?

పెద్దవాళ్లలో విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. 60 కంటే తగ్గితే పుస్తకం ప్రకారం అది నెమ్మది నాడి. అయితే రోజూ పరుగెత్తేవాళ్లలో, క్రీడాకారుల్లో 45-50 ఉండటం మామూలే. గాఢనిద్రలో చాలామందికి 60 కిందికి దిగుతుంది. బీపీ మిషన్ మీద 54 అని చూసి కంగారుపడి ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి పరుగు తీయనక్కర్లేదు. ఏ ఇబ్బందీ లేని మనిషికి అంకె తగ్గిందని అట్రోపిన్ వేయరు.

చూడాల్సింది అంకెతో పాటు మనిషిని. నాడి తగ్గి, దానితో పాటు కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, చెమటలు పట్టి ఒళ్లు చల్లబడటం, మాట తికమకపడటం, ఛాతీ నొప్పి, ఆయాసం, బీపీ పడిపోవడం... వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకూడదు. మెదడుకు, గుండెకు రక్తం చాలడం లేదని అర్థం. ఇంట్లో నాడి చూడటం కష్టమేమీ కాదు. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపున మూడు వేళ్లు ఆనించి గడియారం చూస్తూ లెక్కపెట్టాలి. లయ తప్పుతున్నట్టు అనిపిస్తే నిమిషం పూర్తిగా లెక్కించాలి. బొటనవేలితో చూడకూడదు, అందులో మన నాడే మనకు తగులుతుంది.

నాడి నెమ్మదించడానికి కారణాలు చాలానే ఉంటాయి. గుండె కింది గోడకు వచ్చే గుండెపోటు, థైరాయిడ్ తగ్గడం, కిడ్నీ రోగుల్లో పొటాషియం పెరగడం, వయసుతో గుండెలోని విద్యుత్ వ్యవస్థ అరిగిపోవడం. వీటన్నిటి కంటే తరచూ కనిపించేది, ఇంట్లో ఎవరూ అనుమానించనిది మరొకటుంది. రోజూ మింగే మాత్రలు. బీపీకి వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్, వెరపమిల్, డిల్టియాజెమ్, గుండె బలహీనతకు ఇచ్చే డిగాక్సిన్... ఇవన్నీ నాడిని తగ్గించేవే. మతిమరుపుకు ఇచ్చే డొనెపెజిల్ కూడా ఇంతే. నీటికాసులకు కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు సైతం కన్ను నుంచి రక్తంలో కలిసి గుండెను నెమ్మదింపజేయగలవు. ‘మందులేమైనా వాడుతున్నారా?’ అని డాక్టరు అడిగితే తాతయ్య మాత్రల డబ్బా చూపిస్తారు. కంటి చుక్కల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. అవి మందుల లెక్కలోకి రావనుకుంటారు!

తీగ తెగితే కరెంటు రాదు

నెమ్మది నాడితో రోగి ప్రమాదంలో ఉన్నాడని తేలగానే డాక్టరు ఆక్సిజన్ అందేలా చూసి, ఈసీజీ తీస్తూనే అట్రోపిన్ సిద్ధం చేస్తారు. దీన్ని నరానికి, గబుక్కున ఎక్కిస్తారు. నిమిషంలో పని మొదలై రెండు నుంచి నాలుగు నిమిషాల్లో పూర్తి ప్రభావం తెలుస్తుంది. మొదటి మోతాదు ఒకప్పుడు అర మిల్లీగ్రామే. 2020లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దాన్ని ఒక మిల్లీగ్రాముకు పెంచింది. అవసరమైతే మూడు నుంచి అయిదు నిమిషాలకోసారి మళ్లీ ఇస్తారు. మొత్తం మూడు మిల్లీగ్రాములు దాటరు.

‘పెద్ద ప్రాణం, తట్టుకోలేరేమో... కొంచెం కొంచెంగా వేయండి డాక్టరుగారూ’ అని కొందరు బతిమాలుతుంటారు. ఇక్కడే ఒక చిత్రం ఉంది. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము కంటే తక్కువ ఇస్తే గుండె వేగం పెరగాల్సింది పోయి కాసేపు ఇంకా తగ్గవచ్చు. అందుకే డాక్టర్లు ఈ విషయంలో మొహమాటపడరు.

అయితే అన్ని నెమ్మది నాడులకూ ఇది మందు కాదు. గుండెలోని విద్యుత్ వ్యవస్థను ఊరి కరెంటుతో పోల్చుకోవచ్చు. పైగదిలో సబ్‌స్టేషన్, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, అక్కడి నుంచి కింది గదులకు తీగలు. వేగస్ బ్రేకు బలంగా పడేది సబ్‌స్టేషన్, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర. అక్కడ ఇబ్బంది అయితే అట్రోపిన్ బాగా పనిచేస్తుంది. కింది గోడ గుండెపోటులో, ఆపరేషన్ సమయంలో, వెన్నుకు మత్తిచ్చినప్పుడు పడిపోయే నాడి చాలావరకు ఈ రకమే. కానీ ట్రాన్స్‌ఫార్మర్ దాటాక తీగే తెగితే? సబ్‌స్టేషన్‌లో ఎంత కరెంటు పెంచినా ఇళ్లలో దీపం వెలగదు. పైగా కొన్నిసార్లు పైనుంచి తాకిడి ఎక్కువై, ఓ మాదిరిగా సాగుతున్న ప్రసారం కూడా ఆగిపోతుంది. పూర్తి హార్ట్ బ్లాకుల్లో చాలావాటి పరిస్థితి ఇదే. అలాంటివారికి అట్రోపిన్ మీదే ఆశపెట్టుకుని కూర్చోరు. ఛాతీకి అతికించే ప్యాడ్లతో గానీ, మెడ నరం గుండా పంపే తాత్కాలిక తీగతో గానీ గుండెను నడిపిస్తూ, అది సర్దుకునేలోగా ఇతర ఇంజెక్షన్ల సాయం తీసుకుంటూ, తర్వాత అవసరమైతే పేస్‌మేకర్ అమరుస్తారు.

పేస్‌మేకర్ అంటే ఇక జీవితం అయిపోయినట్టేనని దిగాలుపడేవాళ్లు ఒక్కసారి ఆర్నే లార్సన్ కథ వినాలి. శరీరం లోపల పేస్‌మేకర్ అమర్చిన మొట్టమొదటి వ్యక్తి ఆయన. 1958లో స్టాక్‌హోమ్‌లో ఆ ఆపరేషన్ జరిగే నాటికి ఆయన గుండె పదేపదే ఆగి స్పృహ తప్పిపోయేవారు. మొదటి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత ఒకదాని వెంట ఒకటి మొత్తం 26 పేస్‌మేకర్లు మార్చుకుంటూ 86 ఏళ్లు జీవించి 2001లో కన్నుమూశారు. అదీ గుండె జబ్బుతో కాదు, క్యాన్సర్‌తో.

గుండె మార్పిడి చేయించుకున్నవారిది ఇంకో కథ. దాత నుంచి గుండె తీసేటప్పుడు వేగస్ నాడి తెగిపోతుంది. అసలు బ్రేకే లేని బండికి పట్టు సడలించేదేముంటుంది! వారికి సాధారణంగా అట్రోపిన్ పనిచేయదు. గుండె పూర్తిగా ఆగిపోయినప్పుడు కూడా పూర్వం దీన్ని వాడేవారు. ప్రయోజనం ఉన్నట్టు రుజువు కాకపోవడంతో 2010లో మార్గదర్శకాల్లోంచి ఆ వాడకాన్ని తొలగించారు.

మూడు, ఆరు, పన్నెండు...

ఇంతవరకు చెప్పుకున్న లెక్క మూడు మిల్లీగ్రాముల లోపు. ఇదే మందును డాక్టర్లు పదుల ఆంపుల్స్ వేసే సందర్భం ఒకటుంది. తెలుగునాట అట్రోపిన్ పేరు ఎక్కువగా వినిపించేదీ అక్కడే. పురుగుమందు విషం.

మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి మందులు శరీరంలో ఎసిటైల్‌కోలిన్‌ను విరిచేసే ఎంజైమును దెబ్బతీస్తాయి. దాంతో ఆ రసాయనం పేరుకుపోతుంది. అంటే ఒంట్లోని బ్రేకులన్నీ ఒకేసారి పడి అలాగే బిగుసుకుపోతాయి. నాడి పడిపోతుంది. నోట్లోంచి చొంగ, నురగ, ఒళ్లంతా చెమటలు, కంట నీరు, వాంతులు, విరేచనాలు. కనుపాపలు సూదిమొనంత అవుతాయి. అన్నిటికంటే ప్రమాదం... ఊపిరితిత్తుల్లో స్రావాలు నిండి మనిషి తన ఊటలో తానే మునిగిపోతాడు.

వరంగల్‌లోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు ఆరేళ్లలో పురుగుమందు విషంతో చేరినవారు 8,040 మంది. వారిలో నూటికి 22 మందికి పైగా దక్కలేదు. ఈ లెక్కల్ని 2005లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రిక ప్రచురించింది. 2002 సంవత్సరపు వివరాలు చూస్తే రోగుల్లో మూడింట రెండొంతుల మంది ముప్పై ఏళ్ల లోపువారే. పత్తి చేల మధ్య పెరిగిన పిల్లలు. విషం ఏదో తెలిసిన మరణాల్లో ఎక్కువ శాతానికి కారణం రెండే మందులు, మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్.

ఈ రెండు పేర్లలోనే చికిత్స కిటుకు దాగి ఉంది. మోనోక్రోటోఫాస్‌కు అట్రోపిన్ విరుగుడు. ఎండోసల్ఫాన్‌కు కాదు, అది వేరే జాతి విషం. సుప్రీంకోర్టు ఆదేశంతో 2011లో దేశమంతటా దాని వాడకం ఆగింది. ఇప్పుడు చాలామంది ప్రాణాలు తీస్తున్న గడ్డిమందు పారాక్వాట్‌కూ అట్రోపిన్ విరుగుడు కాదు. అందుకే రోగితో పాటు ఆ డబ్బానో, సీసానో, కనీసం దాని మీది లేబులో ఆసుపత్రికి తీసుకెళ్లడం తప్పనిసరి. పరువు పోతుందని డబ్బా దాచేసి ‘ఏదో తిన్నది పడలేదండీ’ అని చెప్పే కుటుంబాలు ఉన్నాయి. డాక్టరు సరైన మందు ఎంచుకోవడానికి పట్టే ఆ కాస్త ఆలస్యం రోగి ఖాతాలో పడుతుంది.

ఇంటి దగ్గర చేయాల్సింది తక్కువే. విషం పడిన బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతో కడగాలి. కడిగేవాళ్లు చేతికి ప్లాస్టిక్ సంచైనా తొడుక్కోవాలి. మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం, పాలు, పెరుగు పట్టించడం వద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే విషానికి తోడు ఇంకో ముప్పు.

ఆసుపత్రిలో మొదట మూడు నుంచి అయిదు ఆంపుల్స్‌తో మొదలుపెడతారు. అయిదు నిమిషాలకు ఊపిరితిత్తులు వింటారు. ఇంకా గరగర ఉంటే మోతాదు రెట్టింపు. మూడు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు... పావుగంటలో 45 ఆంపుల్స్ అయిపోవచ్చు. వార్డు బయట నిలబడి ఖాళీ ఆంపుల్స్ చూసిన బంధువులకు గుండె గుభేల్‌మంటుంది. ‘ఒక్క మనిషికి ఇన్ని సూదులా?’ అని గొడవకు దిగేవాళ్లూ ఉంటారు. కానీ ఈ విషంలో లెక్క ఆంపుల్స్‌తో కాదు, లక్షణాలతో. ఊపిరితిత్తుల్లో గరగర, పిల్లికూతలు పోవాలి. నాడి 80 దాటాలి. పై బీపీ 80 దాటాలి. చంకలు పొడిబారాలి. కనుపాపలు కాస్త పెద్దవయ్యాయి కదా అని అక్కడితో ఆపేయడం పొరపాటు. ఈ మెట్టు చేరాక, అప్పటిదాకా పట్టిన మొత్తంలో పదో వంతు నుంచి అయిదో వంతు వరకు గంటగంటకూ సెలైన్లో ఎక్కిస్తారు.

తర్వాతి ఘట్టం కుటుంబానికి మరీ కష్టమైనది. చేరినప్పుడు ఉలుకూ పలుకూ లేని మనిషి రెండో రోజున దుప్పటి లాగేస్తాడు, గాలిలో ఏవో ఏరుతుంటాడు, కన్నతల్లిని గుర్తుపట్టడు. ‘మా వాడికి పిచ్చెక్కింది సిస్టర్’ అని ఆ తల్లి ఏడుస్తుంది. పిచ్చి కాదు. అట్రోపిన్ మోతాదు ఎక్కువైందనడానికి గుర్తు. ఒళ్లు కాలిపోతూ, కడుపు ఉబ్బి, మూత్రం బిగిసిపోయి ఉంటే అనుమానమే అక్కర్లేదు. డాక్టర్లు మందును కాసేపు ఆపి, ఆనక తగ్గించి మొదలుపెడతారు. మందు దిగాక మతి తిరిగొస్తుంది. పక్కనున్నవాళ్లు చేయాల్సిందల్లా ఈ మార్పు కనపడగానే నర్సుకు చెప్పడం. ‘సెలైన్ ఎక్కుతోందిగా, అంతా బాగానే ఉంది’ అనుకుని ఊరుకోకూడదు.

ఇంకో మాట. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, అంతా కుదుటపడిందనుకున్న వేళ కొందరికి మెడ ఎత్తలేనంత నీరసం వచ్చి ఊపిరి అందదు. కండరాల మీద అట్రోపిన్‌కు పట్టు లేదు. అప్పుడు కాపాడేది వెంటిలేటరే. మెలకువగా ఉన్నాడు కదా అని రెండో రోజే సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోవడం ఎంత ముప్పో దీన్ని బట్టి తెలుసుకోవచ్చు. దిండు మీంచి తల ఎత్తగలుగుతున్నాడా లేదా అని డాక్టర్లు రోజూ చూసేది ఇందుకే.

గండం గడిచి ఇంటికొచ్చాక ఎందుకు చేశావని నిలదీయడం కంటే ఆ మనిషి చెప్పేది వినేవాళ్లు ఉండటం అవసరం. ఇంట్లో ఎవరైనా అలాంటి ఆలోచనల్లో ఉన్నట్టు అనిపించినా కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు ఖర్చేమీ లేదు.

డాక్టరుకు ముందే చెప్పాల్సినవి

అట్రోపిన్ తాళం వేసేది గుండె ఒక్కదానికే కాదు. లాలాజలం, చెమట, కన్ను, పేగులు, మూత్రాశయం... అన్నిటికీ. కాబట్టి ఒకట్రెండు ఆంపుల్స్ పడినా నోరెండిపోవడం, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం సహజం. కొన్ని గంటల్లో సర్దుకుంటాయి. కొందరి విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. నీటికాసుల్లో ఒక రకం వాళ్లకు కంటిలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ప్రొస్టేట్ గ్రంథి ఉబ్బిన పెద్దవాళ్లకు మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు. గుండె రక్తనాళాల్లో పూడికలున్నవారికి వేగం మరీ పెరిగితే నొప్పి రావచ్చు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఇవేవీ అట్రోపిన్ వేయడానికి అడ్డు కాదు. కానీ ముందే తెలిస్తే డాక్టరు ఆ వైపూ ఓ కన్నేసి ఉంచుతారు.

ఎండాకాలంలో ఇంకో సంగతి. చెమట ఆగిపోతే ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు. రేకుల కప్పు వేడికి ఉడికే వార్డులో, మే నెలలో, ఎక్కువ అట్రోపిన్ ఎక్కుతున్న రోగికి జ్వరం చూస్తుండగానే పెరుగుతుంది. తడిబట్టతో తుడవడం, ఫ్యాను తిప్పడం చిన్న పనుల్లా కనిపించినా అక్కడ అవీ చికిత్సలో భాగమే.

నాగుపాము కాటుకు ఇచ్చే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ గుండెను నెమ్మదింపజేస్తుంది కాబట్టి దానికి తోడుగా అట్రోపిన్ ఇస్తారు. ఎర్రతేలు కాటుకు మాత్రం దీన్ని అలవాటుగా వేయకూడదు. అక్కడ గుండె అప్పటికే విపరీతంగా పరుగెడుతుంటుంది. ఆ కాటుకు ప్రజోసిన్ మాత్రతో ప్రాణాలు నిలపవచ్చని మహారాష్ట్రలోని మహాడ్‌లో ప్రాక్టీసు చేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ చూపించారు. ఊళ్లో ఎవరైనా ‘విషం ఏదైనా ఒకటే సూది’ అంటే నమ్మొద్దు.

ఇక అట్రోపిన్ ఇంట్లోకి వచ్చే దారి ఒకటుంది. కంటి చుక్కలు, లేపనం. పిల్లలకు అద్దాల పరీక్ష చేసేముందు, కంటి లోపల వాపు ఉన్నప్పుడు, ఈమధ్య హ్రస్వదృష్టి పెరగకుండా చాలా తక్కువ గాఢతలోనూ రాస్తున్నారు. చుక్క వేశాక కంటి లోపలి మూలను, ముక్కు పక్కన, ఒకట్రెండు నిమిషాలు వేలితో మెల్లగా అదిమి ఉంచితే మందు ముక్కు గుండా రక్తంలోకి దిగడం తగ్గుతుంది. డాక్టరు ఒకటంటే ఒకటే చుక్క. వేశాక బిడ్డ బుగ్గలు ఎర్రబడినా, ఒళ్లు వేడెక్కినా, గుండె దడదడలాడినా, తిక్కతిక్కగా మాట్లాడినా రెండో చుక్క వేయకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆ చిన్న సీసా అద్దం ముందు పౌడరు డబ్బా పక్కన కాకుండా, పిల్లల చేతికందని పై అరలో ఉండాలి.